తలకాయ స్కానింగ్‌లో ఏమీ లేదంట!

మెదడు బొమ్మ తీయడం మనిషికి వచ్చి యాభై ఏళ్లు దాటింది. మనాది మాత్రం ఇప్పటికీ ఆ బొమ్మలో పడటం లేదు.

నాయుడుపేటలో ఎవరికైనా తలలో ఏదో తేడా చేసిందంటే పోవడానికి మూడు దార్లు. పైకి పోతే నెల్లూరు, కిందికి దిగితే మద్రాసు, పడమటికి తిరిగితే శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. 2022 ఏప్రిల్‌లో జిల్లా మారి కాగితాల మీద తిరుపతి వాళ్లమయ్యాం గానీ, రోగం వస్తే తిరిగేది ఎప్పట్లాగే ఈ మూడూళ్లకే. మరీ ముదిరితే రాయవేలూరు. ఏ దారిన పోయినా తిరిగొచ్చేటప్పుడు చంకలో ఓ పెద్ద కవరు ఉంటుంది. అందులో నల్లటి ఫిల్ము, దాని మీద వరసలు వరసలుగా పుర్రె లోపలి బొమ్మలు. బస్సు దిగీ దిగకముందే ఎదురయ్యే ప్రశ్న, "స్కానింగ్‌లో ఏమొచ్చింది?"

చాలాసార్లు జవాబు ఒకటే. "ఏమీ లేదంట."

డాక్టరు ఆ మాట అన్నప్పుడు ఆయన ఉద్దేశం గడ్డ లేదు, రక్తం చిట్లలేదు, నీరు చేరలేదు అని. అది శుభవార్తే. కానీ అదే మాట ఇంటికి చేరేసరికి "జబ్బే లేదు" అవుతుంది. ఇంకో పది రోజులకు "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అవుతుంది. కాన్పయిన మూడో నెల నుంచి గోడ వైపు తిరిగి పడుకునే కోడలికైనా, మేనకూరు సెజ్‌లో నైట్ షిఫ్టులు చేసి చేసి నిద్రకు దూరమైన కుర్రాడికైనా, ఆ కవరు మందు కావాల్సింది పోయి సాక్ష్యం అవుతుంది, వాళ్లకు వ్యతిరేకంగా.

మామూలు స్కాన్ చూపించేది మెదడు ఆకారాన్ని. మనిషిని నడిపించేదీ, నవ్వించేదీ, మంచాన పడేసేదీ చాలావరకు అందులో జరిగే రసాయన వ్యవహారం. వేసవిలో శ్రీహరికోట ఉపగ్రహం మన స్వర్ణముఖిని ఫొటో తీస్తే ఇసుక తప్ప ఇంకేం కనపడదు. చెలమ తవ్వినవాడికే తెలుసు అడుగున నీళ్లున్నాయని.

ఏలూరులో ఆ డిసెంబరు

ఫిల్ములో ఏమీ లేకుండానే మెదడు తల్లడిల్లిపోవడం ఎలా ఉంటుందో మన రాష్ట్రం ఓసారి కళ్లారా చూసింది. 2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే కూలిపోయారు. ఫిట్స్, నోట నురగ, స్పృహ తప్పడం. కొద్దిసేపటికి చాలామంది లేచి కూర్చున్నారు, ఏం జరిగిందో గుర్తులేదన్నారు. నాలుగైదు రోజుల్లో బాధితుల సంఖ్య 500 దాటింది, ఒకరు చనిపోయారు. తలకు సీటీ స్కాన్లు తీశారు. మామూలుగా ఉన్నాయి. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. అదీ మామూలే. కరోనా కాదు, మెదడువాపు కాదు.

ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్తపు నమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థతో సహా పలు సంస్థలు నీళ్లు, కూరగాయలు, రక్తం పట్టుకెళ్లి వెతికాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునన్న దగ్గర నిపుణుల మాట నిలిచింది. అవి ఏ దారిలో అంతమంది ఒంట్లోకి చేరాయన్నదాని మీద వాదన తెగలేదు గానీ, మనకు కావాల్సింది వేరే. అన్ని వందల మంది మెదళ్లు అతలాకుతలమైన ఆ గంటల్లో, మెదడు ఫొటోలో మచ్చ కూడా లేదు.

పురుగుమందు మెదడును ఎలా పట్టుకుంటుందో వరి పండించే మన జిల్లాల క్యాజువాలిటీ డాక్టర్లకు చెప్పక్కర్లేదు. ఒక నరం నుంచి ఇంకో నరానికి, నరం నుంచి కండకు కబురు మోసే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. కబురు అందిన మరుక్షణం దాన్ని విరిచి పారేయడానికి ఒక ఎంజైము కాచుకుని ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు ఆ ఎంజైమును కట్టిపడేస్తాయి. ఇక కబురు ఆగదు. కండరాలు అదురుతాయి, నోట్లో చొంగ ఊరుతుంది, కంటిపాప సూదిమొన అంత అవుతుంది, మోతాదు ఎక్కువైతే ఫిట్స్. పొలంలో మందు కొట్టి కొట్టి అక్కడే పడిపోయిన మనిషిని తీసుకొస్తే అనుభవమున్న డాక్టరు కళ్లలోకి టార్చి వేసి, చొక్కా వాసన చూసి ఆట్రోపిన్ ఎక్కించడం మొదలుపెడతాడు. స్కాన్ కోసం ఆగడు.

వేలూరు వాళ్లు తేల్చిన మచ్చ

అలాగని స్కాన్‌ను తీసిపారేయడానికి లేదు. అది రాకముందు ఎలా ఉండేదో తెలిస్తే దండం పెడతాం. వెన్నులోంచి నీరు తీసి, ఆ దారినే గాలి ఎక్కించి, ఆ గాలి మెదడు అరల్లోకి చేరాక ఎక్స్‌రే తీసేవాళ్లు. రోగి రోజుల తరబడి తల పట్టుకుని వాంతులు చేసుకునేవాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రం కట్టినాయన డాక్టరు కాదు. గ్రామఫోన్ రికార్డులమ్మే ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు, గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. 1979లో వైద్యంలో నోబెల్ ఆయనకు వచ్చింది.

ఆ యంత్రం మన దగ్గర అసలు పనికొచ్చిన కథ రాయవేలూరులో ఉంది. దేశంలో నరాల శస్త్రచికిత్సకు మొదటి విభాగం 1949లో జాకబ్ చాందీ తెరిచింది అక్కడి సీఎంసీలోనే. సీటీ వచ్చాక, ఫిట్స్‌తో వచ్చిన కుర్రవాళ్ల మెదడులో చిన్న గుండ్రటి మచ్చ ఒకటి తరచూ కనిపించేది. క్షయ గడ్డ అనుకుని ఏడాది పొడుగునా టీబీ మందులు మింగించేవాళ్లు. మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ తదితరులు ఆ మచ్చల్ని బయటికి తీసి చూస్తే చాలావాటిలో బద్దెపురుగు తిత్తి కనిపించింది. 1989లో ఆ సంగతి లాన్సెట్‌లో అచ్చయింది. ఇలాంటి ఒంటి మచ్చ చాలామందిలో నెలల మీద దానంతటదే కరిగిపోతుంది, ఫిట్స్ మాత్రలు వాడుకుంటే సరిపోతుంది. ఎంతమందికి అక్కర్లేని టీబీ కోర్సు తప్పిందో! ఇంకో మాట. ఈ పురుగు గుడ్లు మనిషి మలం నుంచి నీళ్లలోకి, పచ్చి కూరల్లోకి చేరతాయి. కాబట్టి "మేం పంది మాంసం ముట్టం" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అసలు ఆలోచించకుండా స్కాన్ ఉన్నచోటికి పరిగెత్తాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలు. ఆ గంటల్లో పసరు వైద్యుడి దగ్గర కూర్చోవడం కంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు.

దూలగొండి గింజలో దొరికింది

రసాయనం కథ పూర్తిగా గెలిచింది ఒక్క జబ్బులో అని నా లెక్క. వణుకుడు జబ్బు. పార్కిన్సన్స్ అంటున్నాం, ఆయుర్వేదం కంపవాతం అంది. దీని తాళంచెవి మన కంచెల మీదే వేలాడుతూ ఉండటం నాకు భలే విచిత్రంగా అనిపిస్తుంది. దూలగొండి తెలుసు కదా. కాయ మీద బంగారు రంగు నూగు, తగిలిందా గోక్కోలేక చావాలి. బడిపిల్లలు ఒకరి చొక్కాలో ఒకరు వేసుకుని దెబ్బలు తినేది ఆ కాయతోనే. దాని గింజల్లోంచి మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు 1937లో ఎల్‌-డోపా అనే పదార్థాన్ని వేరు చేశారు. ఇదే పదార్థం 1913లో యూరప్‌లో ఒక చిక్కుడు జాతిలో దొరికింది. దేనికి పనికొస్తుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలీదు.

ఇంకో ఇరవై ఏళ్లకు రెండో మొక్క కథలోకి వచ్చింది. సర్పగంధ. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే దీని వేరును ఉన్మాదానికి, రక్తపోటుకు వాడి రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ వాళ్లు అందులోంచి రిసెర్పిన్ తీశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రిసెర్పిన్‌ను కుందేళ్లకు ఎక్కిస్తే అవి చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. తర్వాత ఎల్‌-డోపా ఎక్కించాడు. కాసేపటికి లేచి తిరిగాయి. ఇది 1957. రిసెర్పిన్ మెదడులోని డోపమిన్ అనే రసాయనాన్ని ఖాళీ చేసింది, ఎల్‌-డోపా మళ్లీ నింపింది. 1960లో వియన్నాలో ఒలే హోర్నికివిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదడు ముక్కలు పరీక్షించి, కదలికను నడిపే లోపలి భాగంలో డోపమిన్ దారుణంగా తగ్గిందని తేల్చాడు. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ పెద్ద మోతాదులో నోటి ద్వారా ఇచ్చి రోగుల్ని నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

కుందేలు, శవం, రోగి. మూడు చోట్లా ఒకే రసాయనం, ఒకే జవాబు. సాక్ష్యం అంటే ఇలా ఉండాలి.

ఇంత తెలిసినా వణుకుడు జబ్బు మొదట్లో మామూలు ఎంఆర్‌ఐ తీస్తే ఏమీ కనపడదు. నరాల డాక్టరు రోగిని నాలుగడుగులు వేయించి, వేళ్లు ఆడించమని, నాలుగు ముక్కలు రాయమని చూస్తాడు. అక్షరాలు పోనుపోను చిన్నవైపోతాయి, నడిస్తే ఒక చెయ్యి ఊగదు. అనుమానం మిగిలితే డోపమిన్ నరాల కొసల్ని వెలిగించి చూపే ప్రత్యేకమైన స్కాన్లు పెద్ద నగరాల్లో ఉన్నాయి. ఒంట్లోకి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కించి తీస్తారు. మామూలు మెదడులో కామా గుర్తులా కనిపించే వెలుగు, జబ్బున్న మెదడులో ఫుల్‌స్టాప్‌లా కుంచించుకుపోతుంది. ఎల్లకాలం బొమ్మలో పడని రసాయనం నిజంగా బొమ్మలో పడే అరుదైన చోటు ఇది. అయినా చాలామందికి అవసరం పడదు. మాత్ర వేస్తే మనిషి తేలికపడటమే పెద్ద రుజువు.

ఇది చదివి ఎవరూ దూలగొండి గింజలు దంచుకోవద్దు. ఏ గింజలో ఎంత ఉందో కొలత తెలీదు, వాడే మాత్రతో కలిస్తే వాంతులు, బీపీ పడిపోవడం, భ్రమలు. మందుగా పనిచేసేదంతా మోతాదు తప్పితే విషంగానూ పనిచేస్తుంది.

ఇక్కడ మన భీమవరం మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టాడు. ఒంటికి అత్యవసర శక్తి నిల్వ అది. మెదడులోనూ ఉంటుంది. ఎంఆర్‌ఐ యంత్రంతోనే స్పెక్ట్రోస్కోపీ అని ఒక పరీక్ష చేస్తారు. అందులో బొమ్మ రాదు, మెదడులోని రసాయనాలు ఒక గీత మీద శిఖరాలుగా లేస్తాయి. క్రియాటిన్ శిఖరం వాటిలో ఒకటి. మిగతావి ఎక్కువా తక్కువా అన్నది చాలాసార్లు దాంతో పోల్చే చెబుతారు. గడ్డ క్యాన్సరా, మరొకటా అని తేల్చుకోవడానికి ఈ పరీక్ష సాయపడుతుంది. దిగులు ఉందో లేదో చెప్పడానికి మాత్రం కాదు.

సెరటోనిన్ తక్కువైందా?

దిగులు దగ్గరికొస్తే కథ అంత చక్కగా సాగలేదు. సర్పగంధ మందు బీపీకి వాడినవాళ్లలో కొందరు నీరసించి దిగులు పడ్డారన్నారు. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో టీబీకి ఇచ్చిన ఐప్రోనియజిడ్ అనే మందుతో రోగులు హుషారెక్కారు. మొదటిది మెదడులోని సెరటోనిన్ లాంటి రసాయనాల్ని ఖాళీ చేస్తుంది, రెండోది నిలబెడుతుంది. ఇంకేం, దిగులంటే ఆ రసాయనాలు తగ్గడమే అన్న ఊహ 1965 నాటికి గట్టిపడింది. తర్వాత మందుల కంపెనీలు దాన్ని "రసాయనాల సమతుల్యం తప్పడం" అని ఒక్క ముక్కలో చెప్పి ప్రపంచమంతా తిప్పాయి.

ఊహకు అడ్డం తగిలే సంగతి మొదట్నుంచీ ఉంది. మాత్ర మింగిన గంటల్లోనే సెరటోనిన్‌లో మార్పు వస్తుంది. మనిషి తేరుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తక్కువైంది నింపడమే వైద్యమైతే ఇంత ఆలస్యం దేనికి? 2022లో లండన్‌కు చెందిన జొయానా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గుదిగుచ్చి, డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. వాట్సాప్‌లో అది వెంటనే "డిప్రెషన్ మందులన్నీ మోసం" అయిపోయింది. అదీ తప్పే. 2018లో చిప్రియాని బృందం 522 పరీక్షల్ని, 1,16,477 మందిని లెక్కలోకి తీసుకుంటే 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా తేలాయి. మెరుగు మోస్తరుగానే, కానీ నిజం. మందు పనిచేయడం ఒక సంగతి, ఎందుకు పనిచేస్తుందో మనం చెప్పుకున్న కథ నిజం కావడం ఇంకో సంగతి. కథ వీగిపోయిందని మాత్రలు ఒక్కరోజులో ఆపేస్తే తల తిరుగుడు, నిద్రలేమి, జబ్బు తిరగబెట్టడం. ఆపాలంటే డాక్టరుతో మాట్లాడి మెల్లగా దించుకోవాలి.

రంగురంగుల మెదడు బొమ్మలు చూపి "ఇక్కడ ఎర్రగా ఉంది చూడండి, ఇదే మీ డిప్రెషన్" అని ప్యాకేజీలు అమ్మేవాళ్ల మాటేమిటి? 2009లో అమెరికాలో క్రెయిగ్ బెనెట్, మిత్రులు ఓ చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టారు. మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో ఊహించమని చేపను అడిగారు. లెక్కలు సరిగా సరిచూడకపోతే చచ్చిన చేప మెదడులో కూడా ఎర్ర చుక్క వెలిగింది. ఆలోచించిందన్నమాట! పులుసులోకి పోవాల్సిన చేప. ఈ సంగతికి 2012లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఆ తరహా బొమ్మలు పరిశోధనకు విలువైనవే. వందల మంది సగటు తీస్తే తేడాలు కనిపిస్తాయి. ఒక్క మనిషి బొమ్మ చూసి ఇతనికి డిప్రెషన్ ఉంది, లేదు అని చెప్పే స్కాన్ ఇప్పటిదాకా లేదు. ఉందని అమ్మితే నమ్మొద్దు.

తొమ్మిది ప్రశ్నలు

మరి డబ్బు పెట్టాల్సింది దేని మీద? నన్నడిగితే ముందు రక్తం మీద. థైరాయిడ్ మందగించినా మనిషి బరువెక్కి, మొద్దుబారి, దిగులుగా అయిపోతాడు. బీ12 తగ్గితే కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు, ఒక్కోసారి అచ్చం పిచ్చిలాంటి స్థితి. రక్తహీనత సరేసరి. వీటి పరీక్షలకయ్యే ఖర్చు ఎంఆర్‌ఐలో చిన్న వాటా, దొరికితే వైద్యం తేలిక. ఇక్కడా సుబ్బారావు ఎదురవుతాడు. లెడర్లే మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు ప్రతి మందుల షాపులో దొరుకుతుంది. బీ12 తగ్గిన మనిషికి ఉత్త ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే రెండూ చూడాలి.

రక్తంలో ఏమీ దొరకకపోతే? ప్రశ్నలే పరీక్ష. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నిస్సత్తువ, ఆకలి, తన మీద తనకే ఏవగింపు, మనసు నిలవకపోవడం, కదలికలో మందగింపు లేదా కుదురు లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననే తలపు. ఈ తొమ్మిదింటి మీద సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పది వచ్చినా, దాటినా డాక్టరును కలవాలి. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2014 తర్వాత నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు చేతిలో ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఇలాంటి ప్రశ్నలే అడిగారు. బాధలో ఉన్నవాళ్లను పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి చేర్చారు. యంత్రం లేదు, ఫిల్ము లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తిరిగిన 12 రాష్ట్రాల్లో తమిళనాడు ఉంది, ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. ఆ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. వాళ్లకు కరువైంది స్కానింగ్ సెంటరు కాదు. ఆ తొమ్మిది ప్రశ్నలూ అడిగే మనిషి. ఫోనులోనైనా తెలుగులో మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది.

చివరిగా ఒక మందు సంగతి చెప్పాలి, మన ఎండలకూ దానికీ పడదు కాబట్టి. హుషారు ఎక్కువై నిద్రాహారాలు మాని, అప్పులు చేసి, నెలకో రెండు నెలలకో దిగులులో కూలిపోయే బైపోలార్ జబ్బుకు లిథియం ఇస్తారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దాని గుణం పట్టుకున్నాడు. ఉప్పులాంటి ఒక లవణం, అంతే. మెదడులో అది ఏ తలుపు తడుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, అయినా ఎందరినో నిలబెట్టింది. స్కాన్‌తో దీనికి పనిలేదు, రక్తంలో ఎంత ఉందో కొలుస్తూ ఉండాలి. లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మందు, 1.5 దాటితే విషం వైపు. రోహిణి కార్తెలో చెమటలు కారి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వవు. రోజూ వేసే మాత్రే ఎక్కువైపోతుంది. బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా అంతే, ఒళ్లు నొప్పులకు షాపులో డైక్లోఫెనాక్ కొని మింగినా అంతే. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలడం, విరేచనాలు కనిపిస్తే ఆ రోజు మాత్ర వేయకుండా డాక్టరుకు ఫోను చేసి, రక్తంలో లిథియం ఎంతుందో చూపించుకోవాలి.